ఊరి మంచిచెడ్డలకు కొలత

మన ఇండ్లకు చుట్టాలు వస్తే కాళ్ళకు నీళ్ళిచ్చి మొదట అడిగే మాట "అందరూ బాగున్నారా?" అని. వచ్చినవారు "ఆఁ, బాగున్నాము" అంటారు. అది మర్యాద మాట. అసలు సంగతులు భోజనాలయి, వక్కాకు వేసుకొని అరుగు మీద కూర్చున్నప్పుడు ఒక్కొక్కటిగా బయటికి వస్తవి. బోరు ఎండిపోయింది, పెద్దాయనకు మోకాళ్ళు పట్టుకున్నవి, పిల్లవాడు చదువు మానినాడు. ఒక ఇంటి మంచిచెడ్డలు తెలియడానికే ఇంత పొద్దు పడితే, ఒక తాలూకా మంచిచెడ్డలు, ఒక జిల్లా మంచిచెడ్డలు తెలిసేది ఎట్లా?

దానికి ఈ కాలపు జవాబు సర్వే. కాగితమో, చేతిలో ఫోనో పట్టుకొని ఇంటికి వచ్చి అడిగి వ్రాసుకొని పోయేవారిని మనం అందరమూ చూచినవారమే. వారు ఏమి అడుగుతారు, ఏమి అడగరు, అడిగినది చివరకు ఎవరికి చేరుతుంది అన్న సంగతులు పాఠకులకు కొంత చెప్పవలెనని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

టేకల్ పక్క పల్లెలో

బెంగుళూరు నుంచి జోలార్‌పేటకు పోయే రైలు మార్గంలో మాలూరు దాటిన తరువాత, బంగారుపేట రాకముందు టేకల్ స్టేషను వస్తుంది. కోలారు జిల్లా మాలూరు తాలూకాలో ఇది ఒక హోబళి. రైలు కిటికీలోనుంచి చూస్తే ఎవరో ఒకదానిమీద ఒకటి పేర్చిపెట్టినట్లు పెద్ద పెద్ద గుండ్లు, కొండ కింద రాగిచేలు, అక్కడక్కడ నీలగిరి తోపులు. పంట పండించి బ్రతికేవారితో పాటు రాయి కొట్టి బ్రతికేవారు కూడా వున్న సీమ ఇది. ఇంట్లో తెలుగు, బడిలోను కచేరీలోను కన్నడము. జిల్లాలో కన్నడము తరువాత ఎక్కువమంది మాట్లాడేది మన తెలుగే.

ఆ పక్క పల్లెలో అరుగు మీద కూర్చున్న ఒక అవ్వను మేము మామూలుగా పలకరించినాము. "బాగుండాము నాయనా" అన్నది. కొంచెంసేపు కూర్చుని, నీళ్ళ సంగతి అడిగితే ఇట్లా చెప్పింది: "కొళాయి యేసినారు. నీళ్ళూ వస్తాయి. ఆ నీళ్ళకు పప్పు మాత్రం ఉడకదు."

ఇంటింటికి తిరిగే ఏ సర్వేలోనైనా ఆ ఇంటికి "కొళాయి వున్నది" అన్న గడిలో గుర్తు పడుతుంది. అది అబద్ధం కాదు. అయినా పప్పు ఉడకదన్న మాటకు గడి లేదు. ఊరి బాగును కొలిచే విద్యలో వున్న చిక్కంతా ఆ అవ్వ ఒక్క మాటలో చెప్పిందని మాకు తోచింది.

దొరల కోసం వ్రాసిన లెక్క

ఈ సీమను అడిగి వ్రాసుకొన్నవారు కొత్తగా వచ్చినవారు కారు. 1799లో టిప్పు సుల్తాను పడిపోయిన మరుసటి సంవత్సరమే గవర్నర్ జనరల్ వెల్లెస్లీ, ఫ్రాన్సిస్ బుకానన్ అనే వైద్యుణ్ణి మైసూరు సీమ చూచి రమ్మని పంపినాడు. 1800లో ఆయన మద్రాసు నుంచి బయలుదేరి, ఘాటు ఎక్కి, కోలారు సీమ మీదుగా బెంగుళూరుకు, అక్కడనుంచి శ్రీరంగపట్నానికి పోయినాడు. దారి పొడుగునా ఏ పంట ఎట్లా వేస్తారు, ఎద్దుల ధర ఎంత, కూలి ఎంత, మగ్గం మీద ఏమి నేస్తారు అని అడిగి వ్రాసుకొన్నాడు. అది 1807లో లండనులో మూడు సంపుటాలుగా అచ్చయింది. గొప్ప గ్రంథమే. కాని చెప్పినవారు కోలారు రైతులు, చదివినవారు లండను దొరలు. తమ మాట ఏమయిందో చెప్పినవారికి తెలియలేదు.

తరువాత ఇదే జిల్లాలో ఇంకొక లెక్క నడిచింది. టేకల్‌కు తూర్పున, బంగారుపేట దాటితే కోలారు బంగారు గనులు. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు పని అందుకొన్నది మొదలు 2001 ఫిబ్రవరి 28న మూసివేసేవరకు ఆ గనులు సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చినవని అంచనా. 1902లోనే శివనసముద్రం నుంచి అక్కడికి విద్యుత్తు వచ్చింది. బెంగుళూరు పట్టణానికి 1905లో గాని రాలేదు. విద్యుత్తును బట్టి బాగును కొలిస్తే ఆనాడు దేశంలో కోలారు గనులది ముందువరుస. బంగారాన్ని బట్టి కొలిచినా అంతే. ఔన్సు కూడ తప్పకుండా లెక్క వ్రాసినారు.

గనిలో దిగినవాని ఊపిరికి లెక్క చాలా ఆలస్యంగా వచ్చింది. 1940 నుంచి 1946 వరకు అక్కడి వైద్యులు 7,653 మంది పనివారిని పరీక్షించగా నూటికి 43.7 మందికి సిలికోసిస్ వున్నట్లు తేలింది. రాతి దుమ్ము ఊపిరితిత్తులలో పేరుకొని, మచ్చలు కట్టి, ఊపిరి అందకుండా చేసే జబ్బు అది, వచ్చినది పోదు. మన దేశంలో ఈ జబ్బు మొదట గుర్తింపుకు వచ్చినది కోలారు గనులనుంచే. అరవై ఏండ్లు బంగారం తూచిన తరువాత మనుషులను పరీక్షించినారు. పరీక్షించగా నూటికి నలభై మందికి పైగా రోగులని తేలింది. అంతకు ముందు వారు రోగులు కారా? రోగులే. అడిగినవారు లేరు.

అడిగినదే తేలుతుంది. అడగనిది లేదని అర్థం కాదు.

ఒక్క మెతుకు పట్టి చూడడం

అడగడంలో మార్పు తెచ్చినవారిలో ఇంగ్లండులో రౌన్‌ట్రీ అనే ఆయన ఒకడు. చాక్లెట్టు ఫ్యాక్టరీ యజమాని కొడుకు. 1899లో యార్క్ పట్టణంలో 11,560 పనివారి కుటుంబాలను గురించి ఇంటింటికి విచారించి, మనిషి ఒంట్లో బలం నిలవడానికి తిండి, ఇల్లు, గుడ్డ ఎంత కావలెనో లెక్క కట్టి, పట్టణ జనంలో నూటికి సుమారు 28 మందికి చాలడం లేదని 1901లో పుస్తకం వేసినాడు. పేదరికం లండనులోనే గాని మా ఊళ్ళో లేదు అనుకొన్న పెద్దమనుషులు తెల్లబోయినారు.

అయితే ప్రతిసారీ ఇల్లిల్లూ తిరగడానికి ఎంత డబ్బు, ఎంత కాలం కావలె? అన్నం ఉడికినదో లేదో చూడడానికి కుండ అంతా తినిచూడనక్కరలేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలును అన్నది మన ఇంటి ఆడవారికి తెలిసిన శాస్త్రమే. దీన్నే మన దేశంలో ప్రశాంత చంద్ర మహలనోబిస్ పెద్ద ఎత్తున నడిపించినాడు. కలకత్తాలో 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టినాడు. 1950లో జాతీయ శాంపిల్ సర్వే మొదలయింది. 1920లో హూవిన హడగలిలో ఒక తెలుగు ఇంట పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, 1941లో ఆ సంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు ఈ శాస్త్రానికి ప్రపంచమంతటా పేరు తెచ్చినారు. 2023లో 102 ఏండ్ల వయసులో ఆయన కన్నుమూసినారు.

మెతుకు పట్టి చూడడంలో ఒక మర్మం వున్నది. పైన వున్న మెతుకే పట్టితే అడుగున మాడినది తెలియదు. గరిట పెట్టి కలిపి, ఎక్కడిదో ఒకటి చేతికి వచ్చినది తీయవలె. సర్వేలో ఇండ్లను చీటీ వేసినట్లు ఎన్నుకొనేది ఇందుకే. రోడ్డు పక్క ఇండ్లు, పటేలు ఇల్లు, పిలిచి కాఫీ ఇచ్చేవారి ఇల్లు చూచి పోతే అది సర్వే కాదు, చుట్టపుచూపు.

సగటు అనే దుప్పటి

ఇంకొక చిక్కు సగటుతో వస్తుంది. ఒక ఊళ్ళో నూటికి 90 మంది చదువుకొన్నారు, పక్క ఊళ్ళో 50 మందే అనుకొందాము. రెండు ఊళ్ళూ సమానమయితే సగటు 70. ఆ 70 అనే అంకె రెండు ఊళ్ళకూ చెందదు. 2011 జనాభా లెక్కలో కోలారు జిల్లా అక్షరాస్యత నూటికి 74.39 అని వున్నది. దానిలో జిల్లా కేంద్రమూ వున్నది, గనుల పట్టణమూ వున్నది, రాయి కొట్టేవారి పేటలూ వున్నవి. సగటు అనేది దుప్పటి వంటిది. కప్పుకొన్నవారిలో ఎవరి కాళ్ళు చలికి బయట వున్నవో పైనుంచి చూస్తే కనబడదు.

ఈ సంగతి గుర్తించి కర్ణాటక ప్రభుత్వం 2000లో డాక్టర్ డి. ఎం. నంజుండప్ప గారి అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ కమిటీ జిల్లాను వదిలి తాలూకాను పట్టుకొన్నది. 35 కొలతలు పెట్టి, ఆనాటి 175 తాలూకాలనూ విడివిడిగా తూచి, 2002లో రిపోర్టు ఇచ్చింది. 114 తాలూకాలు వెనుకబడినవని, అందులో 39 మరీ వెనుకబడినవని తేలింది. జిల్లా పేరు చాటున దాగినవి బయట పడినవి. ఆ జాబితాను బట్టి తరువాత ప్రత్యేక అభివృద్ధి పథకం క్రింద నిధులు కేటాయించినారు. ఒక అంకె మారితే ఒక తాలూకాకు రోడ్డు రావడమో, ఆసుపత్రి రావడమో వుంటుందన్న మాట.

ఇప్పుడు కొలత పంచాయతీ వరకు దిగింది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖవారు 2022–23 సంవత్సరానికి లెక్కకట్టి 2025 ఏప్రిల్‌లో ఒక సూచిక వెలువరించినారు. పేదరికం, ఆరోగ్యం, పిల్లలు, నీళ్ళు, పరిశుభ్రత, వసతులు, సామాజిక న్యాయం, పాలన, స్త్రీలు అని తొమ్మిది విషయాలలో 2,16,285 పంచాయతీలకు మార్కులు వేసినారు. ముందువరుసలో నిలిచిన 699 పంచాయతీలలో 270 తెలంగాణవే. మంచిదే. పల్లెకు కూడ అద్దం దొరికింది. ఆ అద్దంలో మనవారు ముఖం చూచుకొంటున్నారా అన్నదే ప్రశ్న.

నీళ్ళ గడి

మళ్ళీ అవ్వ మాటకు వద్దాము. నీతి ఆయోగ్‌వారు పేదరికాన్ని రూపాయలతోనే గాక ఆరోగ్యం, చదువు, జీవనస్థాయి అని మూడు వైపులనుంచి, మొత్తం 12 గుర్తులతో కొలుస్తున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలే దానికి ఆధారం. ఆ కొలత ప్రకారం కర్ణాటకలో పేదలు 2015–16లో నూటికి 12.77 వుండగా 2019–21 నాటికి 7.58కి తగ్గినారు. సంతోషించదగినదే.

ఆ 12 గుర్తులలో తాగునీరు ఒకటి. కొళాయి గాని, గొట్టపుబావి గాని వుండి, వెళ్ళి రావడానికి అరగంట పట్టకపోతే ఆ ఇంటికి నీళ్ళ కొరత లేనట్లే. ఈ కొలత చాలా చోట్ల సరిపోతుంది. కోలారు జిల్లాలో సరిపోదు. ఇక్కడ ఏడాది పొడుగునా పారే నది లేదు. చెరువులు ఎండితే బోర్లు వేసినారు. పైనీళ్ళు అయిపోతే ఇంకా లోతుకు పోయినారు. లోతు రాతిలోని నీళ్ళలో చాలా చోట్ల ఫ్లోరైడు వున్నది. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరుకు ఒక మిల్లిగ్రాము వరకు మంచిది, వేరే నీళ్ళు లేకపోతే 1.5 వరకు ఓర్చుకోవచ్చును. అది దాటితే పిల్లల పండ్ల మీద పచ్చని మచ్చలు, ఏండ్లు గడిచే కొద్దీ ఎముకలు బిగుసుకుపోవడం. తెలుగువారికి ఇది కొత్త బాధ కాదు. 1937లో నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును వైద్యులు గుర్తించి లోకానికి చెప్పినారు. నల్లగొండ బాధ అందరూ ఎరిగినదే.

అవ్వ చెప్పిన పప్పు ఉడకని గుణం నీటి కఠినత్వానిది, ఫ్లోరైడు వేరు. ఫ్లోరైడుకు రుచి లేదు, రంగు లేదు, పప్పూ చక్కగా ఉడకవచ్చును. కనుక నాలుకకు తెలిసిన దోషానికే గడి లేకపోతే, నాలుకకు తెలియని దోషం ఎవరు వ్రాస్తారు? బోరు వున్న ఇల్లు నీళ్ళలో ధనికమని లెక్కలో వుంటుంది. ఆ ఇంటి పిల్లవాడు నవ్వడానికి సిగ్గుపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొంటాడు.

2018 నుంచి బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోరమంగల–చల్లఘట్ట వ్యాలీ పథకం క్రింద కోలారు చెరువులకు పంపుతున్నారు. రోజుకు 440 మిలియన్ లీటర్లు, 126 చెరువులు అని తలపెట్టినారు. నీళ్ళు చేరిన చోట బావులు ఊరినవని రైతులు సంతోషించినారు. ఆ నీరు ఇంకా బాగా శుద్ధి కావలెనని అడిగేవారూ వున్నారు. చెరువు నిండిందా అన్నది ఒక లెక్క, ఏ నీళ్ళతో నిండింది అన్నది ఇంకొక లెక్క. రెండూ కావలె.

రాయి కొట్టేవారి సంగతీ అంతే. పక్కా ఇల్లా, విద్యుత్తు వున్నదా, బ్యాంకు ఖాతా వున్నదా అని ఆ పన్నెండు గుర్తులలో వున్నవి. గుట్ట ఎక్కితే ఆయాసం వస్తుందా అన్నది వాటిలో లేదు. గ్రానైటు రాతిలోనూ సిలికా వుంటుంది. బంగారు గనులలో అరవై ఏండ్లు ఆలస్యమయిన ప్రశ్న రాతి గనుల దగ్గర కూడ ఆలస్యం కాకూడదు.

పొద్దు, మనసు

ఇంకొకటి. బాగు అంటే వస్తువులేనా? 2024లో కేంద్ర గణాంక శాఖవారు జనం రోజంతా ఏ పనిలో ఎంతసేపు గడుపుతారో అడిగినారు. జీతం లేని ఇంటిపనిలో పడినవారిలో ఆడవారికి రోజుకు సగటున 289 నిమిషాలు, మగవారికి 88 నిమిషాలు అని తేలింది. అంటే ఒకరికి దాదాపు ఐదు గంటలు, ఇంకొకరికి గంటన్నర. ఈ మాట మన ఇండ్లలో చెప్పితే ఆడవారు "దీనికి సర్వే ఎందుకు?" అని నవ్వుతారు. అయినా కాగితం మీదికి వచ్చినప్పుడే కచేరీలో దానికి విలువ.

భూటాను రాజ్యంలో తొమ్మిది రంగాలు, 33 గుర్తులు పెట్టి జనం సంతోషాన్నే కొలుస్తున్నారు. నిద్ర ఎంత, ఇరుగుపొరుగుతో సఖ్యత ఎట్లా అని కూడ అడుగుతారు. మన తెలుగుసీమలోనూ అటువంటి ప్రయత్నం జరిగింది. యంగ్ లైవ్స్ అనే పరిశోధనలో 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లలను ఎంచుకొని, కొన్నేండ్లకొకసారి వారి దగ్గరకే మళ్ళీ పోయి చూచినారు. ఎత్తు, బరువు, చదువుతో పాటు, ఒక నిచ్చెన బొమ్మ చూపించి "అన్నిటికంటె మంచి బ్రతుకు పై మెట్టు, అన్నిటికంటె చెడ్డది కింది మెట్టు అయితే నీవు ఏ మెట్టు మీద వున్నావు?" అని కూడ అడిగినారు. పిల్లవాణ్ణే అడిగినారు, వాని తరఫున పెద్దలను కాదు. ఇది మాకు చాలా నచ్చింది.

మనం చేయదగినవి

2021లో జరగవలసిన జనాభా లెక్క వాయిదా పడి, 2027లో జరుపుతామని ప్రభుత్వం 2025లో ప్రకటించింది. దానితో పాటు ఇంకా ఎన్నో సర్వేలు మన గడపకు వస్తవి. మన కుటుంబాలవారికి మేము చెప్పుకొనే మాటలు నాలుగు.

ఒకటి, వచ్చిన మనిషిని వాకిట్లో నిలబెట్టి పంపవద్దు. "ఎక్కువ చెప్పితే పన్ను వేస్తారు, తక్కువ చెప్పితే ఏమయినా ఇస్తారు" అన్న లెక్కలు మాని, వున్నది వున్నట్లు చెప్పండి. తప్పుడు జవాబు పడిన ఊరికి తప్పుడు మందే వస్తుంది.

రెండు, ఇంటి భాష ఏమని అడిగితే తెలుగు అయితే తెలుగు అనే చెప్పండి. ప్రశ్న కన్నడంలో అర్థం కాకపోతే అర్థమయ్యేవరకు అడగండి. ఇంట్లో ఆడవారి సంగతి ఆడవారినే చెప్పనీయండి.

మూడు, గ్రామసభకు పోండి. పంచాయతీకి ఏ విషయంలో ఎన్ని మార్కులు వచ్చినవో చదివి వినిపించమని అడగండి. అంకె తప్పని తోచితే అక్కడే చెప్పండి. బుకానన్ నాడు చెప్పినవారికి చదివే దారి లేదు. నేడు వున్నది.

నాలుగు, గడి లేని ప్రశ్నలు మనమే వేసుకొందాము. తాగునీటిని పరీక్షించే పెట్టెలు వాడడానికి ప్రతి ఊళ్ళో ఐదుగురు ఆడవారికి నేర్పవలెనని జల్ జీవన్ మిషన్ నియమం. మీ ఊళ్ళో వారు ఎవరో తెలుసుకొని, ఊరి బోర్లు ఒక్కొక్కటీ పరీక్ష చేయించి, ఫలితం బడి గోడ మీద వ్రాయించండి. రాతిపని చేసేవారికి దగ్గు, ఆయాసం వుంటే ఆసుపత్రిలో రొమ్ము పరీక్ష చేయించి, చేసే పని ఏమిటో వైద్యునికి తప్పక చెప్పించండి. దానికి ఢిల్లీనుంచి ఎవరూ రానక్కరలేదు.

మేము తిరిగి రైలు ఎక్కడానికి లేచినప్పుడు అవ్వ ఒక మాట అడిగింది: "ఇదంతా రాసుకొని పోతుండారే, మళ్ళా వచ్చి చెప్తారా నాయనా?" అని. సర్వే చేసేవారు అందరూ వినవలసిన ప్రశ్న అది. ఈ సంచిక అచ్చయిన తరువాత ఒక ప్రతి తీసుకొని ఆ అరుగు దగ్గరకు పోయి చదివి వినిపిస్తామని మాట ఇచ్చి వచ్చినాము.